తొమ్మిది వారాల చదువు

చిత్తకార్తె పేరెత్తితే మన వైపు పెద్దవాళ్ళు చిన్నగా నవ్వి మాట మారుస్తారు. అక్టోబరు రెండో వారంలో వచ్చే ఆ కార్తె ఊరకుక్కలు జతకట్టే కాలం. కుక్క చూలు ఇంచుమించు 63 రోజులు. ఆ లెక్కన డిసెంబరు సగం దాటాక పిల్లల్ని పెడుతుంది. సంక్రాంతి నాటికి తిరువూరులో ఏ వీధిలోకి వెళ్ళినా ఇసుక గుట్ట వెనకో, సగంలో ఆగిన ఇంటి పునాదిలోనో, టీకొట్టు బూడిదకుప్ప పక్కనో తప్పటడుగులు వేస్తున్న నాలుగైదు పిల్లలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి ఏ బడిపిల్లవాడి స్వెటర్లోనో దూరి ఇల్లు చేరుతుంది. "అమ్మా, ఇదొక్కటే." "మీ నాన్న చూశారంటే దాంతోపాటు నిన్నూ బయటికి పంపుతారు." "అన్నీ నేనే చూసుకుంటానమ్మా, ఒట్టు." సాయంత్రానికి పాత గోనెపట్టా మీద దానికి చోటు దొరుకుతుంది. మర్నాటికి పేరు కూడా కుదురుతుంది.

చూడవచ్చిన ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న "ఏ జాతి?" అని. లాబ్రడార్ చెవులు, పమేరియన్ తోక, మిగతాదంతా మన ఊరిదే అయిన పిల్లకు జవాబు ఏం చెప్పాలి? "క్రాస్ అండీ" అని తప్పించుకుంటారు. సరదాపడి జాతి కుక్కని కొని, అది పెరిగి పెద్దదయ్యాక విసిగి ఊరి చివర వదిలేసి వచ్చినవాళ్ళ పుణ్యమా అని ఈ సంతతి ప్రతి పట్టణంలోనూ పెరుగుతోంది. 2020 ఆగస్టు 30న మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రి దేశీ కుక్కల్ని పెంచుకోమంటూ ముధోల్, రాజపాళయం వంటి పేర్లు చెప్పారు. పేరున్న దేశీ జాతులకే అంత సిఫారసు కావలసివచ్చిందంటే, ఏ పేరూ లేని ఈ కలగలుపు పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. ముద్దుగా ఉన్నంతకాలం ఇంట్లో ఉంటాయి, లేదంటే అసలు ఇంటి గడపే తొక్కవు.

గడప తొక్కని వాటి గతి ఏమిటో లెక్కగట్టినవాళ్ళున్నారు. కోల్‌కతా ఐసర్ సంస్థలో అనిందిత భద్ర బృందం వీధికుక్కల మీద ఏళ్ళ తరబడి పని చేస్తోంది. 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లల్ని వాళ్ళు గమనిస్తూ వస్తే, ఏడు నెలల వయసు దాకా బతికినవి 19 శాతమే. 2016లో వచ్చిన ఆ పరిశోధన మరో మాట కూడా చెప్పింది. పోయిన వాటిలో 63 శాతం చావులకు ఏదో ఒక రూపంలో మనుషులే కారణం. చలికి వెచ్చదనం వెతుక్కుంటూ ఆగి ఉన్న లారీ చక్రం కింద పడుకున్న పిల్ల తెల్లారేసరికి ఏమవుతుందో జాతీయ రహదారి ఊరి మధ్యనుంచి పోయే తిరువూరు వాసులకు వేరే వివరించనక్కర్లేదు. ఇంత జరుగుతున్నా తల్లికుక్క ఈనడానికి ఊరవతల తుప్పల్లోకి పోదు. మనుషులకు దగ్గరగా ఉండే చోటునే ఎంచుకుంటుందని ఆ బృందమే మరో అధ్యయనంలో తేల్చింది. మన వల్ల ముప్పు ఉన్నా, తిండీ నీడా కూడా మన దగ్గరే ఉన్నాయని దానికి తెలుసు.

కాబట్టి ఒక పిల్లని ఇంటికి తెచ్చుకోవడం మంచిపనే. ఆ పనికి పుణ్యమని, పిచ్చి అని రెండు పేర్లూ మన దగ్గర ఉన్నాయి. తెచ్చిన తర్వాత మొదటి వారాల్లో ఏం చెయ్యాలన్నదాని గురించే మాట తక్కువ. అన్నం పెడితే అదే పెరుగుతుందనుకుంటాం. ఒళ్ళు పెరుగుతుంది, నిజమే. బుద్ధి సంగతి వేరు. కుక్కని సింహాసనం ఎక్కించినా దాని గుణం మారదన్న సుమతీ శతకం నీతి మనకు చిన్నప్పుడే నోటికి వచ్చింది కాబట్టి, కరిచే కుక్కని చూసి "దాని పుట్టుకే అంత" అని సరిపెట్టుకుంటాం.

పుట్టుక పాత్ర లేకపోలేదు. అయితే పుట్టాక గడిచే కొన్ని వారాల పాత్ర మనం అనుకునేదాని కంటే చాలా పెద్దది. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు బార్ హార్బర్ ఊళ్ళో ఉన్న జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఐదు జాతుల కుక్కల్నీ వాటి సంకరాల్నీ దీర్ఘకాలం పెంచి, చూసిందంతా 1965లో పుస్తకంగా తెచ్చారు. అక్కడ జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 1961లోనే అచ్చయ్యాయి. ఎత్తయిన కంచె కట్టిన పొలంలో మనిషి జాడ తెలియకుండా పిల్లల్ని పెరగనిచ్చారు. కొన్నిటిని రెండు వారాల వయసులో, మరికొన్నిటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిది వారాల వయసులో ఓ వారంపాటు మనుషుల మధ్యకు తెచ్చి మళ్ళీ పంపేశారు. పద్నాలుగు వారాలు నిండేదాకా మనిషిని ఎరగని పిల్లలు చివరికి అడవి జంతువుల మాదిరిగా మిగిలాయి. తర్వాత వాటిని మచ్చిక చేసుకోవడం చాలా కష్టమైంది. అవి జాతి లేనివి కావు, తిండి లేనివీ కావు. సమయానికి మనిషి దొరకలేదు, అంతే.

మూడో వారం నుంచి ఇంచుమించు పన్నెండో వారం దాకా కుక్కపిల్ల మనసు తలుపులు తెరుచుకుని ఉంటాయని ఆ పరిశోధనల సారం. ఆ తొమ్మిది వారాల్లో ఎదురైనవన్నీ దానికి లోకంలో మామూలు సంగతులు. ఎదురుకానివి తర్వాత కనిపిస్తే అనుమానం, భయం. మన కాలమానంలో చెప్పుకుంటే చిత్తకార్తె సంతానానికి ఈ చదువు సంక్రాంతికి మొదలై, తోటల్లో మామిడి పూత రాలి పిందె గట్టిపడే నాటికి ముగిసిపోతుంది. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఎనిమిది వారాలన్నా గడవడం మంచిది. పళ్ళు ఎంత గట్టిగా దించితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో పిల్లలు పోట్లాడుకుంటూ ఒకదాని దగ్గర ఒకటి నేర్చుకుంటాయి. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలూ చెబుతున్నాయి. తల్లి చనిపోయి ముందే ఇల్లు చేరిన పిల్లకు ఆ పాఠం మనమే చెప్పాలి. అది చెయ్యి కొరికినప్పుడు చెంప మీద కొట్టడం కాక, ఆట ఆపేసి లేచిపోవడమే ఆ పాఠం. కొరికితే ఆట పోతుందని దానికి కొద్దిరోజుల్లోనే అర్థమవుతుంది.

ఇక మిగిలిన చదువుకు ఖరీదైన శిక్షకులు అక్కర్లేదు. మహానగరపు అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లకు చూపించడానికి లోకాన్ని వెతుక్కుంటూ పోవాలేమో కానీ, తిరువూరు లాంటి ఊళ్ళో గడప దాటితే చాలు. ఆర్టీసీ బస్టాండులో హారన్ల మోత, భద్రాచలం వైపు పోయే లారీల గాలి బ్రేకు చప్పుడు, గ్యాస్ సిలిండర్లు దించే ధడేల్, పాలాయన మోటార్‌సైకిల్, మాఘమాసం పెళ్ళిళ్ళ డప్పులు, గుడి మైకు, కుక్కర్ విజిల్, మిక్సీ గోల. కావలసిన పాఠాలన్నీ ఇక్కడే ఉన్నాయి. ఎంత మోతాదులో చెప్పాలన్నదే తెలియాలి. డప్పు పక్కనే నిలబెడితే భయం నేర్పినట్టు. నాలుగిళ్ళ అవతలనుంచి వినిపిస్తూ, ఆ కాసేపు చేతిలోంచి ఇష్టమైన ముక్క పెడుతూ, దాని చెవులు ఎటున్నాయో గమనించుకుంటూ రోజుకు కాస్త దగ్గరికి జరిగితే అలవాటు చేసినట్టు. తోక కాళ్ళ మధ్యకు పోయినా, ముక్క నోటికి అందించినా తినకపోయినా ఆ రోజుకు పాఠం ఎక్కువైందని గుర్తు. వెనక్కి రావడమే. ఎనిమిది నుంచి పది వారాల మధ్య పిల్లలు ఊరికే బెదిరిపోతుంటాయి. అప్పుడు తగిలిన దెబ్బ, వినబడిన పేలుడు చాలాకాలం మనసులో ఉండిపోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులు మట్టిలోంచి, ఇతర కుక్కలనుంచి అంటుకుంటాయి కనుక టీకాలు పూర్తయ్యేదాకా బయటికి తియ్యొద్దని చెబుతారు. టీకాలు పూర్తయ్యేసరికి పన్నెండు వారాలు దాటిపోయి చదువుకునే వయసూ అయిపోతుంది. అమెరికాలో జంతు ప్రవర్తనను అధ్యయనం చేసే పశువైద్యుల సంఘం 2008లో దీనికి నడిమధ్య దారి చెప్పింది. మొదటి టీకా పడిన కొద్దిరోజులకు, జాగ్రత్తలు తీసుకుంటూ లోకాన్ని చూపించడం మొదలుపెట్టమంది. సరిగ్గా అలవాటు పడక చెడిన ప్రవర్తన వల్ల పోయే పడుచు కుక్కల సంఖ్య అంటువ్యాధుల వల్ల పోయే వాటి కంటే ఎక్కువని వాళ్ళ వాదన. మన ఇళ్ళల్లో దీనికి తేలికైన ఉపాయం ఉంది. చంటిపిల్లని చంకనేసుకుని పెత్తనాలకు వెళ్ళినట్టు దాన్నీ ఎత్తుకుని తిప్పడమే. నేల మీద దింపకుండా సంత చూపించవచ్చు, రైతుబజారు చూపించవచ్చు, బడి వదిలే వేళ గేటు ముందు రెండు నిమిషాలు నిలబడవచ్చు.

ఎవర్ని చూపిస్తున్నామన్నది కూడా ఆలోచించవలసిన సంగతి. పాత గోనెసంచి భుజాన వేసుకుని చిత్తుకాగితాలు ఏరుకునే మనిషిని చూసి ఇంటి కుక్క విరుచుకుపడుతుంది. తెల్లచొక్కా వేసుకుని కారు దిగిన చుట్టాన్ని చూసి తోకాడిస్తుంది. "మనుషుల్ని బాగా కనిపెడుతుందండీ మా వాడు" అని మురిసిపోతాం. అది కనిపెట్టిందేమీ లేదు. ఆ తొమ్మిది వారాల్లో మన ఇంటి వరండా దాకా ఎవరు వచ్చారో వాళ్ళే దాని దృష్టిలో మనుషులు. రానివాళ్ళు పరాయివాళ్ళు. మన రాకపోకల హద్దులన్నిటినీ అది మనకు తెలియకుండానే మననుంచి నేర్చుకుంటుంది. వీధి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలిని పిలిచి ఆమె చేత ఓ బిస్కెట్టు పెట్టించండి. చేతికర్ర పట్టుకు నడిచే తాతగారిని, గొడుగు వేసుకున్నామెను, బురఖాలో ఉన్నామెను, హెల్మెట్ పెట్టుకున్న కుర్రాణ్ణి, లుంగీ ఎగ్గట్టిన హమాలీని, పాకే పసివాణ్ణి అది చూడనివ్వండి. కుక్కకు ఇంతమందిని పరిచయం చెయ్యబోయి, ఇన్నాళ్ళూ పేరైనా అడగని మనుషుల్ని మనమూ కొత్తగా పలకరిస్తాం. ఆ లాభం అదనం.

"అందర్నీ చూసి తోకాడిస్తే ఇక కాపలా ఏం కాస్తుంది?" అని అనుమానం రావడం సహజం. మామిడి తోటలున్న ఊరు ఇది. నూజివీడు, విస్సన్నపేట, తిరువూరు చుట్టుపక్కల కాపు దిగే రోజుల్లో తోటలో ఓ కుక్క ఉంటే కావలివాడికి ధైర్యం. కుక్క రౌద్రంగా ఉండాలంటే చిన్నప్పుడే కట్టెయ్యాలని, మనుషుల్ని దగ్గరికి రానియ్యకూడదని, కొందరైతే కారం కలిపి పెట్టాలని కూడా చెబుతారు. దానివల్ల తయారయ్యేది భయపడే కుక్క. భయపడే కుక్కకు దొంగా ఒకటే, మందు తెచ్చిచ్చే అల్లుడూ ఒకటే. గొలుసు నిడివి ఎంతో దాని లోకం అంతే. ఆ గొలుసు తెగిన రోజున అది ఎవరి మీద పడుతుందో చెప్పలేం. మనుషుల్ని ఎరిగిన కుక్క కొత్త అడుగుల చప్పుడుకు మొరుగుతుంది, ఇంటివాళ్ళు "ఊరుకోరా" అంటే ఊరుకుంటుంది. కాపలాకు కావలసింది ఆ రెండో పని. అది గొలుసు నేర్పదు.

కుక్కకు నేర్పాల్సినంతా నేర్పి వీధిలో పిల్లలకు ఏమీ చెప్పకపోతే చదువు సగమే అయినట్టు. పరిగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావమని, ఎదురైతే నిలబడిపోయి చేతులు దగ్గరికి ముడుచుకోవాలని, కళ్ళలోకి తేరిపార చూడకూడదని, తింటున్నప్పుడూ పడుకున్నప్పుడూ పిల్లలకు పాలిస్తున్నప్పుడూ దగ్గరికి పోకూడదని ప్రతి బడిలో ప్రార్థన తర్వాత ఐదు నిమిషాలు చెప్పవచ్చు. తెలియని కుక్కను తల మీద తట్టకూడదు, చెయ్యి కింద చాపి దాన్ని వాసన చూడనివ్వాలి. కరిస్తే ఇంట్లో తిడతారని దాచుకోకూడదు. గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి పోవాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. తోకకు టపాకాయలు కట్టే దీపావళి సరదా ఎంత పాపమో చెప్పేటప్పుడు, అది ఎంత ప్రమాదమో కూడా కలిపి చెబితే పిల్లలకు బాగా ఎక్కుతుంది.

తిండి, ఆరోగ్యం గురించి రెండు మాటలు చాలు. పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, ఉప్పూకారం లేని కోడిమాంసం ముక్కలు మన ఇళ్ళల్లో దొరికే మంచి తిండి. రాత్రి మిగిలిన పులుసులోని ఉల్లిపాయ కుక్క రక్తానికి చేటు. చాక్లెట్, ద్రాక్ష విషం. వండిన ఎముక పేగుల్ని చీల్చగలదు. నులిపురుగుల మందు రెండో వారంనుంచే మొదలవ్వాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, మూడు నాలుగు వారాల ఎడంతో తర్వాతివి, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆపైన ఏటేటా. పాశ్చర్ తన టీకాను 1885లో ఓ బాలుడికి తొలిసారి వేసిన జూలై 6న మన పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తున్నారు. పెద్ద జబ్బు చేస్తే గన్నవరం పశువైద్య కళాశాల దాకా పోవచ్చు. నాలుగో నెలలో పాలపళ్ళు ఊడుతూ చెప్పులన్నీ కొరికేస్తుంటే కోపం తెచ్చుకోకుండా చెప్పులే ఎత్తిపెట్టుకోవడం ఉత్తమం.

కుక్కంటే గిట్టనివాళ్ళు, భయపడేవాళ్ళు ఈ మాటలు చదివి చిరాకు పడితే వాళ్ళను తప్పుపట్టలేం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుణ్ణి వీధికుక్కలు చంపేసిన దృశ్యాన్ని తెలుగునాట ఎవరూ మరిచిపోలేదు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో 36 శాతం మన దేశంలోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ చావుల్లో పేదపిల్లల వంతు ఎక్కువ. బిడ్డను బడికి నడిపించి పంపే తల్లికి కర్ర పట్టుకోవాల్సి రావడం ఏ ఊరికీ గౌరవం కాదు. జాలి ఉన్నవాళ్ళు గెలవాలా, భయం ఉన్నవాళ్ళు గెలవాలా అన్నట్టు నడుస్తోంది దేశంలో వాదన. అది 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న ఉత్తర్వును, ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సవరించింది. శస్త్రచికిత్స, టీకా చేసి పట్టిన చోటే వదలాలని, రేబిస్ సోకినవాటినీ దూకుడువాటినీ మాత్రం వదలొద్దని చెప్పింది. కుక్కల్ని దత్తత తీసుకోవచ్చని, తీసుకున్నవాళ్ళు వాటిని తిరిగి వీధిపాలు చెయ్యకుండా చూసుకోవాలని కూడా ఆ ఉత్తర్వులో ఉంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కల్ని తొలగించమని మరో ఆదేశం వచ్చింది. 2025 ఆగస్టులోనే హైదరాబాద్ నగరపాలక సంస్థ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో వీధికుక్క పిల్లల దత్తత మేళా పెట్టింది. కోర్టు ఉత్తర్వులకు ఎక్కే కుక్క కూడా ఒకప్పుడు నాలుగు వారాల పిల్లే. దాన్ని అప్పుడు ఎవరో ఎత్తుకున్నారు, లేదా ఎవరో రాయి విసిరారు.

భయం ఇలా చేతులు మారుతుందన్న సంగతి మన సాహిత్యానికి కొత్త కాదు. భారతం చివర ధర్మరాజు వెంట నడిచిన కుక్క అందరికీ తెలుసు. మొదట్లో దెబ్బలు తిన్న కుక్కపిల్ల అంతగా గుర్తుండదు. నన్నయ ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవశునకం కొడుకు సారమేయుడు ఆడుకుంటూ అటు వస్తాడు. రాజు తమ్ముళ్ళు వాణ్ణి కొడతారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతాడు. ఆమె నేరుగా రాజసభకే వచ్చి అడుగుతుంది. మంచిచెడ్డలు తలచకుండా బలహీనులకు కీడు చేసినవాళ్ళకు కారణం కనబడని భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్ళిపోతుంది. ఆమె చెప్పింది ఏ అస్త్రం గురించో కాదు, భయం గురించి. మహారాజు ఆ మాటకు కలవరపడి, శాంతి చేయించే పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరతాడు. దెబ్బ తిన్నది ఓ పిల్ల, భయం పట్టుకున్నది రాజ్యాన్ని. నేటి వీధుల్లోనూ లెక్క ఇదే.

ఆ లెక్క ఒక్క ఇంటివాళ్ళ మంచితనంతో సరిచేయగలిగింది కాదు. ఆరు పిల్లల్లో ఒకటి ఇల్లు చేరినా ఐదు బయటే ఉంటాయి. పైగా ఇల్లు చేరేది ఎక్కువగా మగపిల్లే. "ఆడదైతే వద్దు, మళ్ళీ పిల్లల్ని పెడుతుంది" అని తిరిగి పెట్టేస్తారు. తిరిగి పెట్టిన ఆ ఆడపిల్లే మరుసటి చిత్తకార్తెకో ఆ పై ఏటికో తల్లవుతుంది. ఆరు నెలలు దాటాక చేయించే చిన్న శస్త్రచికిత్సతో ఆ భయం తీరుతుందని ఎవరైనా చెబితే ఆడపిల్లకూ ఓ ఇల్లు దొరుకుతుంది. జంతు సంరక్షణ సంస్థలైన చెన్నై బ్లూక్రాస్ 1964 నుంచీ, హైదరాబాద్‌లో అమల, నాగార్జున దంపతులు నెలకొల్పిన బ్లూక్రాస్ 1992 నుంచీ, విశాఖలో వీఎస్‌పీసీఏ 1996 నుంచీ చెబుతూ వస్తున్న మాట ఇదే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు ఈ బాధ్యతను స్థానిక సంస్థల మీదే పెట్టాయి. పొరుగున చిన్న దేశం భూటాన్ 2023 అక్టోబరు నాటికి తన వీధికుక్కలన్నిటికీ శస్త్రచికిత్స పూర్తి చేసినట్టు ప్రకటించింది. లక్షన్నరకు పైగా కుక్కలవి. కొండదారుల దేశానికి సాధ్యమైనది చదును నేల మీదున్న పట్టణాలకు అసాధ్యమనుకోనక్కర్లేదు. పురపాలక పెద్దలు తలచుకుంటే డిసెంబరుకు ముందే పని మొదలుపెట్టవచ్చు. పిల్లలు పుట్టాక, కరిచాక, ఊరు గగ్గోలుపెట్టాక మొదలుపెడితే అది ఎప్పటికీ తెమలదు.

ఇంట్లో అసలు పరీక్ష పిల్లగా ఉన్నప్పుడు రాదు. ఏడెనిమిది నెలల వయసులో, బొద్దుతనం పోయి కాళ్ళు పొడవై, చెప్పిన మాట చెవిన పెట్టక, గేటు తీస్తే పారిపోయే రోజుల్లో వస్తుంది. "క్రాస్ కదా, ఇంతే" అని వదిలించుకునేది అప్పుడే. ఒట్టు పెట్టిన పిల్లవాడికి అప్పటికి పరీక్షలు దగ్గరపడి ఉంటాయి. పదేళ్ళ వాడు ఈ ఏడు ఓ కుక్కపిల్లని తెచ్చుకుంటే, అది ముసలిదై మెట్లు ఎక్కలేకపోయే నాటికి వాడి ఇంజినీరింగు పూర్తయి హైదరాబాదో డాలసో చేరి ఉంటాడు. మధ్యలో ఎప్పుడో అది వాడి కుక్క కాకుండా పోయి, వాడి అమ్మానాన్నల కుక్క అయి ఉంటుంది. పొద్దున్నే ఆయన్ని నడకకు లేవదీసేది, మధ్యాహ్నం ఆమె చేత మాట్లాడించేది అదే అయి ఉంటుంది. అందుకని "ఇదొక్కటే అమ్మా" అన్న రోజున తల్లిదండ్రులు సరే అనేముందు కాస్త ఆలోచించుకోవాలి. ఆ సరే అనడం పిల్లవాడి సరదాకు కాదు, తమ ముందున్న పన్నెండేళ్ళకు. అంత దూరం చూసి సరే అన్నవాళ్ళు తొమ్మిది వారాల శ్రమకు జంకరు. అంత దూరం చూడలేనివాళ్ళు ఇప్పుడే వద్దనడం ఆ పిల్లకూ మంచిది, వీధికీ మంచిది.